ఎవరూ చూడని చోట తాళం

సైకిల్ ఎక్కడ పోతుందని అడిగితే సంతలో అంటాం, స్టేషన్ ముందు అంటాం, కాలేజీ స్టాండులో అంటాం. అందుకే కూరగాయల కొట్టు దగ్గర రెండు నిమిషాలు ఆగినా తాళం వేస్తాం. ఇంటికి చేరాక మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకి ఆనించి, వాచ్‌మన్ ఉన్నాడు కదా అని లిఫ్టెక్కేస్తాం. వేసినా వేలెడు మందం లేని నంబర్ లాక్ ఒకటి. సొంతిల్లు ఉన్నవాళ్ల కారు షెడ్డులోనూ ఇదే తంతు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది దీనికి తలకిందులు: మీ దగ్గరున్న తాళాల్లోకెల్లా గట్టిది ఇంటి దగ్గరే ఉండాలి.

తాళం చేసే పని ఒక్కటే, దొంగ సమయాన్ని తినడం. తెరవడానికి వీల్లేని తాళమంటూ లోకంలో లేదు. ఎంతసేపట్లో తెరుచుకుంటుంది, ఎంత చప్పుడవుతుంది, ఏ పనిముట్టు కావాలి అన్న మూడు ప్రశ్నల మీదే దాని విలువ ఉంటుంది. బజారులో ఈ మూడూ మన పక్షాన ఉంటాయి. మూడడుగుల కట్టర్ చంకన పెట్టుకుని కోఠి నడిబొడ్డున ఎవరూ తిరగలేరు. సెల్లార్‌లో రాత్రి రెండు గంటలకి లెక్క మారిపోతుంది. రెండు కార్ల మధ్య కూర్చున్న మనిషి కనపడడు. తొందర లేదు. కరెంటు ప్లగ్గు కూడా స్తంభానికే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ సైకిల్ రోజూ అదే చోట ఉంటుంది. ఇవాళ వచ్చి తాళం చూసి వెళ్లి, రేపు దానికి తగిన పనిముట్టుతో తిరిగి రావచ్చు.

అయితే ఈ చోటే మనకు కూడా ఒక గొప్ప వెసులుబాటు ఇస్తుంది. దారిలో వాడే తాళం ఎంత గట్టిదైతే అంత బరువు, అంత బరువు రోజూ మోయలేం కనుక రాజీపడతాం. ఇంటి దగ్గరి తాళాన్ని మోసే పని లేదు. పది కిలోలైనా అది అక్కడే పడి ఉంటుంది. సైకిలు తాళాల తయారీలో ఇంజనీర్లను ఎప్పుడూ వెనక్కి లాగేది బరువే, ఆ షరతు సెల్లార్‌లో లేదు. ఎంపిక మొత్తం ఈ సంగతి చుట్టూ తిరగాలి.

మన సైకిళ్లకి చిరకాలంగా ఉన్నది వెనక ఫోర్కుకు బిగించిన గుండ్రటి తాళం. తాళంచెవి తిప్పి మీట కిందికి నొక్కితే ఒక కడ్డీ ఆకుల మధ్యగా వెళ్లి అవతలి వైపు కూర్చుంటుంది. అది చక్రాన్ని తిరగనివ్వదు, అంతవరకే. సైకిలును దేనికీ కట్టదు. ఇరవై కిలోల నల్లసైకిల్ రోజుల్లో, చుట్టూ మనుషులున్న వీధిలో, అది చాలింది. ఎత్తుకుపోయేవాణ్ణి నలుగురూ చూస్తారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నది అల్లాయ్ ఫ్రేము గేర్ సైకిల్, పది పన్నెండు కిలోలు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచాక హైదరాబాదులో పొద్దున్నే అలాంటి సైకిళ్లు ఎన్ని కనిపిస్తాయో చూడండి. వాటిని ఒక చేత్తో భుజాన వేసుకుని ఆటోలో పెట్టేయొచ్చు. చక్రం తిరగకపోవడం దొంగకి అడ్డమే కాదు. కాబట్టి మొదటి నియమం, తాళం సైకిలును కదలని వస్తువుకి కట్టాలి.

ఇక కేబుల్ తాళం సంగతి. సైకిల్ కొన్నప్పుడు ఉచితంగా ఇచ్చేది, ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికేది ఇదే. పాతది ఒకటి ఉంటే కత్తితో దాని ప్లాస్టిక్ తొడుగు నిలువునా చీల్చి చూడండి. బయటికి చిటికెన వేలంత లావుగా కనిపించిన దాంట్లో సగం ప్లాస్టికే. లోపల సన్నని తీగలు మెలికలు తిరిగి ఉంటాయి, ఒక్కొక్కటీ కుట్టుసూది కంటే ఎక్కువ లావు ఉండదు. వంగడానికి సులువుగా ఉండాలనే అన్ని సన్నటి తీగలుగా అల్లుతారు. ఆ సులువే దాని బలహీనత. లాగితే తీగలన్నీ కలిసి బరువు పంచుకుంటాయి, కాబట్టి క్రేనులకీ లిఫ్టులకీ తీగతాడు అంత నమ్మకమైనది. కోసేటప్పుడు ఆ ఐకమత్యం పనికిరాదు, బ్లేడుకి ఒక్కోసారి ఎదురయ్యేది కొన్ని తీగలే. మామూలు తీగ కట్టర్‌తో నాలుగైదు కొరుకుళ్లలో పని అయిపోతుంది, పెద్దగా చప్పుడు కూడా రాదు. సెల్లార్‌లో కేబుల్ తాళాన్ని తాళంగా లెక్కపెట్టకండి. ముందు చక్రాన్నో సీటునో అసలు తాళానికి కలిపి కట్టడానికి వాడుకోవచ్చు.

గొలుసు, యూ-లాక్ లాంటి లావు కడ్డీల విషయంలో దొంగ మొదట తెచ్చేది బోల్ట్ కట్టర్. అది పెద్ద అడకత్తెర, అంతే. పోకచెక్కని పళ్లతో కొరకలేని చేయి అడకత్తెరతో చిటుక్కున రెండు ముక్కలు చేస్తుంది, కీలుకి దగ్గరగా చెక్క, దూరంగా చేయి ఉండటం వల్ల. బోల్ట్ కట్టర్‌లో అలాంటి మీటలు రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి మీట పెంచిన బలాన్ని రెండోది మళ్లీ పెంచుతుంది. చేతులతో వేసిన యాభై కిలోల ఒత్తిడి దవడల దగ్గర టన్నుల్లోకి చేరుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మామూలు మెత్తని ఉక్కును కోత పెట్టడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 30 కిలోల బలం కావాలి. 8 మిల్లీమీటర్ల కడ్డీ అడ్డుకోత వైశాల్యం 50 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర టన్ను. పెద్ద కట్టర్‌కి అది సునాయాసం. కడ్డీ మందం రెట్టింపు చేసి 16 మిల్లీమీటర్లు చేస్తే వైశాల్యం నాలుగింతలై బలం ఆరు టన్నులవుతుంది. ఇప్పుడు అదే కడ్డీని గట్టిపరిచిన ఉక్కుతో చేస్తే ఆ ఆరు మరో మూడింతలై పద్దెనిమిది దగ్గరికి పోతుంది. చేతి కట్టర్ శక్తి అక్కడ అయిపోతుంది, దవడలే పెచ్చులూడతాయి. తాళం కొనేటప్పుడు మిల్లీమీటర్లు చూడమని చెప్పేది ఇందుకే. 10కీ 14కీ తేడా చేతిలో పట్టుకుంటే కొంచెమే అనిపిస్తుంది, కోసేవాడికి అది దాదాపు రెట్టింపు. మందం చూసేటప్పుడు గుడ్డ తొడుగునో ప్లాస్టిక్ తొడుగునో కలపకుండా లోపలి ఉక్కునే కొలవాలి.

గొలుసు నేలమీద పడి ఉంటే దొంగకి మనమే సాయం చేసినట్టు. కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి, రెండో పిడి మీద ఒళ్లంతా వేసి నొక్కొచ్చు. సుత్తీ ఉలీ వాడేవాడికి కూడా సిమెంటు నేల దాగలిలా పనికొస్తుంది. గొలుసు ఫ్రేము ఎత్తులో, నేలకు తగలకుండా, బిగుతుగా ఉండాలి. మంచి గొలుసుల లింకులు గుండ్రంగా కాకుండా చతురస్రంగానో ఆరు పలకలుగానో ఉండటానికి కూడా కారణముంది, దవడలకి అవి సరిగా దొరకవు.

గట్టిపరిచిన ఉక్కు అంటే ఏమిటో కాస్త ఆగి చూడాలి, ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇనుములో కొద్దిపాటి కర్బనం, మామూలుగా ఒక శాతం లోపే, కలిస్తే ఉక్కు అవుతుంది. దాన్ని ఎర్రగా, సుమారు 850 డిగ్రీల దాకా కాలిస్తే ఇనుము పరమాణువులు తమ అమరిక మార్చుకుంటాయి. ఆ కొత్త అమరికలో కర్బనం పరమాణువులు దూరడానికి చోటు ఎక్కువ. మెల్లగా చల్లారనిస్తే కర్బనం తిరిగి బయటికి వచ్చేస్తుంది. నూనెలోనో నీళ్లలోనో ఒక్కసారిగా ముంచితే దానికి బయటపడే వ్యవధి ఉండదు. చిక్కుకుపోయిన కర్బనం ఇనుము స్ఫటికాన్ని ఒక వైపు సాగదీసి ఉంచుతుంది. లోహం వంగడమంటే దాని పొరలు ఒకదానిమీద ఒకటి జారడం, సాగి బిగుసుకున్న ఆ స్ఫటికంలో జారడం కష్టం. అందుకే అది అంత గట్టి. దీన్ని మార్టెన్‌సైట్ అంటారు. మన కమ్మరులు కొడవలికీ గొడ్డలికీ పదును పట్టించేటప్పుడు తరతరాలుగా చేస్తున్నది ఇదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలు పెట్టి కరిగించిన ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు, ఈ జాతి ఉక్కుతోనే పేరుపడ్డ దమాస్కస్ కత్తులు తయారయ్యాయి.

గట్టిదనంతో ఒక చిక్కుంది. మరీ గట్టిపడ్డ ఉక్కు పెళుసవుతుంది, సుత్తి దెబ్బకి పుటుక్కున విరుగుతుంది. కత్తికి అంచు గట్టిగా ఉంటే చాలు. తాళం కడ్డీ మాత్రం కోతకీ దెబ్బకీ రెండిటికీ తట్టుకోవాలి. ఉపాయం ఏమిటంటే, కర్బనం తక్కువున్న మెత్తటి ఉక్కుతో కడ్డీ చేసి, కర్బనం నిండిన వాయువులో దాదాపు 900 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. కర్బనం పైనుంచి లోపలికి మెల్లగా ఇంకుతుంది, అయినా ఒక మిల్లీమీటరు దాటి పోవడం కష్టం. అప్పుడు చల్లార్చితే పైపొర మాత్రం గట్టిపడుతుంది, నడిమి భాగం దెబ్బను తట్టుకునే గుణాన్ని నిలబెట్టుకుంటుంది. మరో పద్ధతి బోరాన్ ఉక్కు. పది లక్షల భాగాల్లో 10 నుంచి 30 భాగాల బోరాన్ కలిస్తే చాలు, లావు కడ్డీ కూడా నడిమి దాకా గట్టిపడుతుంది. మామూలు ఉక్కులో పైభాగం త్వరగా చల్లారి గట్టిపడినా, లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ మెత్తబడిపోతుంది. రేణువుల సరిహద్దుల్లో చేరిన బోరాన్ ఆ మెత్తబడటాన్ని వాయిదా వేస్తుంది. అంత కొంచెం పదార్థం అంత పెద్ద మార్పు తేవడం లోహశాస్త్రంలో నన్ను ఇప్పటికీ ఆకట్టుకునే విషయం.

డబ్బా మీద ఏమి రాసినా, గట్టిదనాన్ని మీరే పరీక్షించవచ్చు. హార్డ్‌వేర్ షాపులో చిన్న ఆకురాయి ఒకటి కొనండి. తాళం కడ్డీ మీద తొడుగు జరిపి, కనపడని చోట రెండు సార్లు గట్టిగా రుద్దండి. మెత్తని ఉక్కయితే ఆకురాయి పళ్లు దిగుతాయి, వేలికి తళతళలాడే రజను అంటుతుంది, కడ్డీ మీద గాడి పడుతుంది. గట్టిపరిచిన ఉక్కయితే ఆకురాయి పట్టు దొరక్క కీచుమంటూ జారిపోతుంది, పైనున్న పూత మాత్రం పోయి నున్నటి గీత మిగులుతుంది. ఆ జారుడు ఒకసారి చేతికి తెలిస్తే మళ్లీ మరచిపోరు. చైన్ తాళాల్లో లింకులు గట్టివి పెట్టి తాళంకప్ప కడ్డీ మెత్తది పెట్టేవి చాలా ఉన్నాయి, రెండూ పరీక్షించాలి.

ఇంత చెప్పాక కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. బ్యాటరీతో తిరిగే యాంగిల్ గ్రైండర్ ముందు ఉక్కు ఏదైనా ఓడిపోతుంది. నాలుగంగుళాల డిస్కు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. డిస్కులో ఉండేవి కురువిందం రేణువులు, వజ్రం తర్వాతి వరసలో నిలిచే గట్టిదనం వాటిది. పదును పట్టిన ఉక్కు కూడా వాటికి మెత్తనే. రేణువు మొద్దుబారితే విరిగి రాలిపోతుంది, వెనక కొత్తది పైకొస్తుంది. 16 మిల్లీమీటర్ల గొలుసు కూడా నిమిషాల్లో తెగుతుంది.

దీనికి జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది. 2020లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ప్రోటియస్ అనే పదార్థం చేశారు. నురగలా గుల్లగా ఉండే అల్యూమినియంలో పింగాణీ గోళీలు పొదిగారు. డిస్కు గోళీకి తగలగానే కంపనం పుడుతుంది, ఆ కంపనం డిస్కునే కొరికేస్తుంది. రాలిన పింగాణీ పొడి మధ్యలో చేరి అంచును ఇంకా మొద్దుబారుస్తుంది. కోసే పరికరం శక్తినే దాని మీదికి తిప్పడం ఇందులో ఉన్న అందం. ప్రోటియస్‌తో చేసిన తాళం అంగట్లో లేకపోయినా, అదే దారిలో గ్రైండర్ డిస్కుని అరగదీసే తాళాలు వచ్చాయి. బ్రిటన్‌కు చెందిన హిప్‌లాక్ 2021లో పరిచయం చేసిన డి1000లో ఉక్కు మీద గ్రాఫీన్ కలిపిన మిశ్రమ పదార్థం ఉంటుంది. ఇవి ఖరీదైనవి. లక్షల విలువైన సైకిల్ ఉన్నవాళ్లు ఆలోచించవచ్చు. మిగిలినవాళ్లకి గ్రైండర్ మీద ఉన్న రక్షణ దాని మోతే. ఉక్కును కోసే ఆ అరుపు, నిప్పురవ్వలు, కాలిన ఇనుము వాసన మూసిన సెల్లార్‌లో ప్రతిధ్వనిస్తాయి. ఒక కోత ఇరవై సెకన్లలో ముగియడం వేరు, నాలుగు నిమిషాలు సాగడం వేరు. నాలుగో నిమిషానికి వాచ్‌మన్ అయినా లేస్తాడు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లయినా తలుపు తీస్తారు. కాబట్టి గ్రైండర్ ఉందని లావు గొలుసు దండగ అనుకోకూడదు. తాళాలకు రేటింగ్ ఇచ్చే బ్రిటన్‌లోని సోల్డ్ సెక్యూర్ కూడా నిపుణులతో దాడి చేయించి తాళం ఎంతసేపు నిలిచిందో చూసే వజ్రం, బంగారం, వెండి, కంచు అని తరగతులు వేస్తుంది. విదేశీ బ్రాండు కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకోవచ్చు.

తాళంచెవి రంధ్రం వైపు నుంచి వచ్చే దాడి గురించి చరిత్రలో ఒక మంచి కథ ఉంది. లండన్‌లో జోసెఫ్ బ్రామా అంగడి కిటికీలో 1790 నుంచి ఒక తాళం వేలాడేది, దాన్ని విప్పినవాళ్లకి 200 గినీలు ఇస్తామని పందెం. అరవై ఏళ్లకు పైగా ఎవరి వల్లా కాలేదు. 1851లో మహా ప్రదర్శనకి అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ దానికి కూర్చున్నాడు. 16 రోజుల మీద మొత్తం 51 గంటలు పని చేసి విప్పేశాడు. ఇంగ్లండ్ అంతా కలవరపడింది. నేను ఈ కథలో గమనించేది ఆ 51 గంటలని. అంగడివాళ్లు హాబ్స్‌కి గది ఇచ్చారు, వ్యవధి ఇచ్చారు, అడ్డుపడలేదు. తాళం ఓడింది అతని నేర్పు ముందు ఎంతో, ఆ వ్యవధి ముందూ అంతే.

మనం రోజూ వాడే తాళంచెవి పద్ధతిని లైనస్ యేల్ 1861లో, 1865లో పేటెంట్ చేశాడు. లోపల స్ప్రింగుల మీద జంట పిన్నులుంటాయి. తాళంచెవి గంట్లు ఆ పిన్నులన్నిటినీ సరైన ఎత్తుకి లేపితేనే సిలిండర్ తిరుగుతుంది. రంధ్రాలన్నీ ఒకే వరసలో, పిన్నులన్నీ సరిగ్గా ఒకే కొలతలో తయారైతే దాన్ని తాళంచెవి లేకుండా విప్పడం దాదాపు అసాధ్యం. ఏ ఫ్యాక్టరీలోనూ అంత కచ్చితంగా కుదరదు. మిల్లీమీటరులో వందో వంతు తేడా ఉన్నా, సిలిండర్‌ని కొంచెం తిప్పి పట్టుకుంటే పిన్నుల్లో ఒకటి ముందుగా బిగుసుకుంటుంది. దాన్ని సరిచేస్తే ఇంకోటి. అలా ఒక్కొక్కటే లొంగుతాయి. నాసిరకం తాళంలో ఈ తేడా ఎక్కువ, కాబట్టి సులువు.

నంబర్ లాక్ గుట్టు కూడా ఇదే. మూడు చక్రాల తాళానికి 1,000 సంఖ్యలు, ఒక్కోదానికి రెండు సెకన్లు పెడితే అరగంటలో అన్నీ అయిపోతాయి. నాలుగు చక్రాలకి 10,000, అంటే అయిదున్నర గంటలు, సగటున దాంట్లో సగం. బజారులో ఇది అసాధ్యం, సెల్లార్‌లో ఒక రాత్రి పని. నిజానికి అంత కూడా అక్కర్లేదు. కొక్కేన్ని లాగి పట్టుకుని చక్రాలు తిప్పితే చౌక తాళంలో సరైన అంకె దగ్గర చిన్న తడబాటు వేలికి తెలుస్తుంది.

2004లో అమెరికాలో జరిగింది దీనికంటే ఆశ్చర్యం. క్రిప్టోనైట్ సంస్థ యూ-లాకులు అప్పటికి ముప్ఫై ఏళ్లుగా పేరున్నవి. వాటి తాళంచెవి గుండ్రటి గొట్టంలా ఉండేది. బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ రంధ్రంలో అదిమి అటూ ఇటూ ఆడిస్తే తాళం తెరుచుకుంటోందని వీడియోలు వచ్చాయి. పిన్నులన్నీ ఒక వలయంలో బయటికే ఉండటంతో, మెత్తటి ప్లాస్టిక్ వాటి ఆకారానికి తగ్గట్టు ఒదిగిపోయి తానే తాళంచెవి అయిపోయింది. కంపెనీ పాత తాళాలను ఉచితంగా మార్చి ఇచ్చింది. కడ్డీ ఎంత గట్టిదైనా రంధ్రం దగ్గర సులువైతే లాభం లేదని ప్రపంచంలో సైకిల్ తొక్కేవాళ్లందరికీ అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ గొట్టం తాళంచెవితో వచ్చే చౌక తాళాలు మన అంగళ్లలో ఉన్నాయి, తీసుకోకండి.

నా సిఫారసు డిస్కు పద్ధతి తాళం. ఫిన్లండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ 1907లో కనిపెట్టాడు, అబ్లాయ్ పేరుతో ప్రసిద్ధి. పిన్నులకి బదులు పలుచని రేకుబిళ్లలు వరసగా ఉంటాయి, తాళంచెవి ఒక్కోదాన్ని ఒక్కో కోణానికి తిప్పుతుంది. స్ప్రింగులు లేవు కనుక దుమ్ము పడినా ఇరుక్కోదు, మన సెల్లార్లలో అది చిన్న మేలేమీ కాదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా పనికొస్తుంది. మంచి రకం సైకిల్ తాళాలు చాలావాటిలో ఇప్పుడు ఇదే ఉంది. తాళంలో కొబ్బరినూనె పోసే అలవాటు మానండి. నాలుగు రోజులకి జిగురై దుమ్ము పట్టుకుంటుంది, చలికాలంలో గడ్డకడుతుంది. కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు.

తాళం సంగతి తేలింది. ఇక దాన్ని దేనికి కట్టాలి? సెల్లార్‌లో చూస్తే నీళ్ల పైపులు కనిపిస్తాయి, అవి ప్లాస్టిక్. మెట్ల రెయిలింగు గొట్టం గోడ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, గొలుసు జోలికి పోకుండా రెయిలింగునే కోసేస్తారు. నేలలో ఉక్కు కొక్కెం దింపడం ఒక మార్గం. కాంక్రీటులో దిగిన బోల్టుని పైకి లాగితే అది గరాటు ఆకారంలో కాంక్రీటుని పెకలించుకుని వస్తుంది. లోతు రెట్టింపు చేస్తే ఆ గరాటు పెకలడానికి కావలసిన బలం సుమారు 2.8 రెట్లవుతుంది. అందుకే రెండంగుళాల బోల్టుతో సరిపెట్టకుండా నాలుగంగుళాలు దింపాలి. ఎపాక్సీ పోసి బిగించేటట్టయితే రంధ్రంలో దుమ్ము పూర్తిగా ఊదేయాలి, దుమ్ము మీద ఎపాక్సీ పట్టదు. బోల్టు తలలోని ఆరు మూలల గుంటలో ఉక్కు బేరింగు గుండుని సుత్తితో దిగ్గొడితే ఇక అలెన్ కీకి పట్టు దొరకదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లో స్తంభానికి గానీ దూలానికి గానీ డ్రిల్ పెట్టకండి. లోపలి ఇనుప కడ్డీకి తగలవచ్చు, తేమకి దారి పడవచ్చు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. కింద ఇంకో సెల్లార్ ఉంటే ఆ నేల కూడా స్లాబే, దాని జోలికీ వెళ్లొద్దు. నేల తవ్వాలంటే అసోసియేషన్ అనుమతి, వీలైతే ఇంజనీరు మాట, రెండూ తీసుకోండి.

డ్రిల్లే అక్కర్లేని మార్గం ఒకటుంది, నాకు ఇదే నచ్చుతుంది. స్తంభం చుట్టూ గొలుసు వేయడం. చిన్న అపార్ట్‌మెంట్లలో 9 అంగుళాలకి 18 అంగుళాల స్తంభం మామూలు, చుట్టుకొలత 54 అంగుళాలు, అంటే 1.4 మీటర్ల లోపు. రెండు మీటర్ల గొలుసు దాన్ని చుట్టి సైకిల్ ఫ్రేము గుండా వచ్చి తాళంకప్పని అందుకుంటుంది. 14 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 4 కిలోలు, మొత్తం 8 కిలోలు. మొత్తం భవనాన్ని మోస్తున్న స్తంభం కంటే గట్టి కొక్కెం మనకెక్కడ దొరుకుతుంది? గొలుసును వెనక చక్రం, ఫ్రేము రెండిటి గుండా పోనివ్వండి. ముందు చక్రం మీట తిప్పితే ఊడి వచ్చే రకమైతే దాన్ని కేబుల్‌తో కలపండి. చేత్తో చక్రం ఊడే ఆ సౌకర్యం పందేల కోసం పుట్టింది, ఇటలీలో తుల్లియో కంపాగ్నోలో 1930లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అది దొంగకి కూడా అంతే సౌకర్యం.

కారు షెడ్డు ఉన్నవాళ్లు షట్టర్ తాళాన్ని మొదటి గోడగా మాత్రమే లెక్కేసుకోవాలి. పలుచని రేకు కింద గునపం పెట్టి లేపడం కష్టమేం కాదు. లోపల గ్రైండర్, కట్టర్, సుత్తి లాంటివి బయట పెట్టి ఉంచకండి. సైకిల్ యాప్ వాడేవాళ్లు మీ ప్రయాణం మొదలైన చోటు మ్యాపు మీద అందరికీ కనిపించకుండా ప్రైవసీ జోన్ పెట్టుకోండి, లేకపోతే సైకిల్ ఖరీదూ ఇంటి చిరునామా ఒకే చోట ప్రకటించినట్టు అవుతుంది. సీసీ కెమెరా ఉండటం మంచిదే, అది జరిగినదాన్ని చూపిస్తుంది, ఆపదు.

నన్ను ఒక్క మాటలో చెప్పమంటే: 14 మిల్లీమీటర్లకు తగ్గని గట్టిపరిచిన చతురస్రపు లింకుల గొలుసు, కొక్కెం ఎక్కువ బయటికి కనిపించని డిస్కు తాళంకప్ప, స్తంభం. దారిలో వాడటానికి చిన్న యూ-లాక్ వేరే. ఈ గొలుసు కొన్నిసార్లు మామూలు సైకిల్ ఖరీదులో సగం అవుతుంది. పాతిక వేలు దాటిన సైకిల్‌కి ఆ ఖర్చు న్యాయమే, అయిదు వేల సైకిల్‌కి 10 మిల్లీమీటర్ల గొలుసు చాలు. ఏ సైకిలైనా సరే, తలకిందులు చేసి పెడల్ ఇరుసు అడుగున కొట్టి ఉన్న ఫ్రేము నంబరుని ఫోటో తీసి బిల్లుతో కలిపి దాచండి. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చినప్పుడు, దొరికిన సైకిల్ మీదేనని నిరూపించేది అదొక్కటే.

చివరిగా అపార్ట్‌మెంట్ సంఘాలకి ఒక మనవి. ప్రతి ఫ్లాటుకీ కారు చోటు గీసి నంబరు వేస్తున్నాం. సైకిల్‌కి మాత్రం చాలా సెల్లార్లలో చోటు గీయడం లేదు. తిరగేసిన యూ ఆకారపు లావు ఉక్కు గొట్టాలు, షెఫీల్డ్ స్టాండ్లు అంటారు, అయిదు పెడితే ఒక్క కారు చోటులో పది సైకిళ్లు కట్టుకోవచ్చు. భవనం కట్టేటప్పుడే నేల కాంక్రీటులో వాటిని పాతితే తర్వాత ఎవరూ డ్రిల్ పట్టుకోనక్కర్లేదు. వచ్చే జనరల్ బాడీ సమావేశంలో ఈ విషయం అజెండాలో పెట్టించండి. వాచ్‌మన్ గది కిటికీలోంచి కనిపించే చోటే అడగండి.